మస్తానమ్మ వినమన్నది

మైపాడు రోడ్డులోని రొయ్యల షెడ్డులో ఏ పాడ్‌కాస్ట్ వినాలో చెప్పే పెత్తనమంతా మస్తానమ్మదే. ఐసులో నానే చేతులతో ఫోను ముట్టుకోవడం కుదరదు. అందుకని పొద్దున్నే ఒకటి పెట్టి, ఫోనును ప్లాస్టిక్ కవరులో వేసి మేకుకు తగిలించేవాళ్ళు. ఆపైన ఒకదాని వెనక ఒకటి దానంతటదే వచ్చేది. అత్తాకోడళ్ళ వంటలు, పోలీసు కేసులు, సినిమా కబుర్లు... అన్నీ ముందు ఇంట్లో విని, ఏది బాగుందో ఏది చెత్తో మస్తానమ్మ తేల్చేది. ఆమె కొలత ఒక్కటే. పొట్టు తీసే చేతులు వాటంతటవే ఆగిపోతే అది వినదగ్గది. సూపర్‌వైజరు కిషోర్ బాబుకు ఆ కొలత మాటెత్తితేనే ఒళ్ళుమంట.

ఆ మస్తానమ్మ పోయి వారమైంది. సాయంత్రం చివరి ట్రేలు పెట్టడానికి కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళింది, వెనక తలుపు పడింది. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. లోపలివైపు పిడి విరిగి ఎన్నాళ్ళో అయింది, చెప్పీ చెప్పీ పనివాళ్ళ నోళ్ళు పడిపోయాయి. తెల్లారి తలుపు తీస్తే ఆమె దానికే ఆనుకుని కూర్చుని ఉంది.

ఆ మర్నాడే కొత్త పిడి వచ్చింది. రొయ్యలు దొంగిలించబోయి ఇరుక్కుందన్న మాట కూడా దాంతోపాటే వచ్చింది. రేపు విచారణకు ఆఫీసరు వస్తాడు. పిడి మొదటినుంచీ బాగానే ఉందని చెప్పాలని, లేకపోతే ఇక పనిలోకి రానక్కర్లేదని కిషోర్ బాబు ఒక్కొక్కరినీ పిలిచి మరీ చెప్పాడు. అడ్డమైన గడ్డి తినేవాళ్ళంతా దొరలు, చచ్చిపోయిన మనిషి మాత్రం దొంగ! అక్కడే పొట్టు తీసే వినీల ఈ మాట ఒప్పుకోలేకపోయింది. చేతికి గుచ్చుకోకుండా రొయ్యను పట్టుకోవడం ఆమెకు నేర్పిందే మస్తానమ్మ.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. షెడ్డు నిండా నీచువాసన, దాని మీద బ్లీచింగు వాసన. మూలన కోల్డ్ రూమ్ మోటారు రొద. వినీల ఫోనులో వంటల పాడ్‌కాస్ట్ అయిపోయి, తర్వాతది దానంతటదే మొదలైంది. పేరు లేదు. బొమ్మ లేదు. తెర నల్లగా ఉంది.

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఎవరిదో ఊపిరి. పళ్ళు టకటకలాడే చప్పుడు. ఆ తర్వాత... తలుపు మీద అరచేత్తో కొడుతున్న చప్పుడు.

"ఇది వినండిమే," అంది ఫోనులో గొంతు.

చేతులన్నీ ఆగిపోయాయి. ఆ గొంతు తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు. వినీల పక్కన పనిచేసే సబీనా చేతిలోని రొయ్య జారి కాళ్ళ దగ్గర పడింది.

కిషోర్ బాబు పరుగున వచ్చాడు. ఎవరో గొంతు మార్చి రికార్డు చేశారని, అందరి సంగతీ తేలుస్తానని తిట్టిపోశాడు. ఫోను లాగబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆపమని వినీలను గదమాయించాడు.

వినీలకూ భయంగానే ఉంది. కానీ ఆమె మొండికేస్తే ఆపడం కన్నవాళ్ళ వల్లే కాలేదు, ఇక ఈయనెంత!

"నేను ఆపను సార్. పిడి మొదట్నుంచీ బాగుండాదంటిరి గదా. ఇప్పుడు కొత్తది గూడా ఏసినారు. మీరే లోపలికి పోయి, తలుపేసుకొని తీసి చూపించండి."

కిషోర్ బాబు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. జలుబని, చలి పడదని ఏవో చెప్పాడు.

"అయితే నేనే పోతా."

గ్లౌజులు విప్పి పడేసింది. సబీనా కొంగు పట్టుకుని గుంజితే విదిలించుకుంది. లోపలికి వెళ్ళి తలుపు లాగేసుకుంది.

చీకటి. మోటారు రొద కూడా లేదు. నీచువాసనలో కలిసి ఆముదం వాసన... మస్తానమ్మ తలకు రాసుకునే ఆముదం. చలికి చెవులు మండుతున్నాయి.

ఎవరో ఊపిరి తీస్తున్నారు. తనదేనేమో అనుకుంది. ఊపిరి బిగబట్టింది.

ఆ చప్పుడు ఆగలేదు.

"అక్కా..." గుసగుసగా అంది. "నన్ను బెదిరించాలంటే బెదిరించుకో. రేపు మాత్రం నిజమే చెప్తా. పని పోతే పోనీ. నిన్ను దొంగంటే నేను ఊరుకోను."

చెయ్యి చాచి తడిమింది. తలుపు... మంచు... పిడి.

పిడి వెచ్చగా ఉంది. ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు.

తిప్పింది. తలుపు తెరుచుకుంది.

బయట ఆడవాళ్ళంతా లేచి నిలబడి ఉన్నారు. ఆమెను చూడటం లేదు, ఫోనునే చూస్తున్నారు. లోపల తనన్న మాటలన్నీ అందులో వచ్చాయని సబీనా చెప్పింది. మస్తానక్క జవాబు కూడా ఇచ్చిందట. వినీలకు లోపల ఏమీ వినపడలేదు. ఏమనిందని అడిగింది.

"'రేపు నేనూ వస్తా, ఆఫీసరుతో నేనూ చెప్తా' అనింది."

వినీలకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. కిషోర్ బాబు వైపు తిరిగింది.

"విన్నారు గదా సార్. ఇద్దరం చెప్తాం."

ఆయన వీధి గుమ్మం దగ్గర, ఉక్కపోతలో, గోడకు చేరగిలబడి ఉన్నాడు. కోల్డ్ రూమ్‌లోకి ఒక్క అడుగైనా పెట్టని మనిషి... మీసాల మీద తెల్లగా మంచు పేరుకుంటోంది.