విశాఖలో ఒకే ఒక్క తుమ్ము

ఏడాకుల చెట్లు విరగబూసి పుప్పొడి రాల్చే కార్తీకంలో విశాఖలో ఒకప్పుడు ఇల్లిల్లూ తుమ్మేది. బయల్దేరబోతుండగా తుమ్ము వినబడితే మనుషులు ఆగి, కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి మరీ గడప దాటేవారు. ఇప్పుడు తుమ్మే నాథుడే లేడు కాబట్టి ఆగే పనీ లేదు.

ఆ పుణ్యం డాక్టర్ కనకమాలక్ష్మిది. ఆమె కనిపెట్టిన ‘సహనిక’ ఏడాదికోసారి ముక్కులో వేసుకునే చుక్కల మందు. అందులోని నానోయంత్రాలు పుప్పొడి తగలగానే, ఇది శత్రువు కాదని రక్షణ కణాలకు నచ్చజెబుతాయి. దేన్ని ఓర్చుకోవాలో వాటికి ఎప్పటికప్పుడు నగర గణనయంత్రం చెబుతుంది. విడ్డూరమేమిటంటే, కనిపెట్టిన మనిషికే ఆ మందు పడలేదు. ఊరందరి బదులూ ఆవిడొక్కతే తుమ్ముతోంది.

ఆ ఉదయం ఆమె దగ్గుతూ లేచింది. కొండకింది రసాయనాల ఫ్యాక్టరీ నుంచి పసుప్పచ్చని పొగ వీధిలోకి పాకుతోంది. జనం అందులోనే కబుర్లాడుకుంటూ నడుస్తున్నారు. భర్త సోమినాయుడు కూనిరాగం తీస్తూ చెప్పులు వేసుకుంటున్నాడు. అతని గోళ్లు నీలంగా ఉన్నాయి. ఒంటికి ఊపిరి చాలట్లేదని ఆమెకు అర్థమైంది.

“ఆగండి. ఆ పొగ కనబడట్లేదా?”

“కనబడతంది. అయితే ఏటి? నాకేటీ అవ్వట్లేదు కదా,” అన్నాడు సోమినాయుడు.

ఆమె గోడమీది తెరలో గణనయంత్రాన్ని పిలిచి, పుప్పొడికి చేసిన మందు పొగను ఎందుకు ఓర్చుకుంటోందని నిలదీసింది.

“ప్రజలే అడిగారు,” అంది యంత్రం. “మొదట ఎండుచేపల వాసన, తర్వాత మురిక్కాలువ, ఆ తర్వాత పొగ. ఫ్యాక్టరీని మూయించమని మాత్రం ఎవరూ అడగలేదు.”

పొగకు ఓర్పు వెంటనే తీసెయ్యమంది కనకమాలక్ష్మి. అలాగే, కానీ ఎవరి ముక్కుకు వాళ్ల అనుమతి కావాలంది యంత్రం. సోమినాయుడి చేతిలో ఫోను మోగింది. తీసేస్తే దగ్గు వస్తుంది, సరేనా అని అడిగింది. అతను క్షణమైనా ఆలోచించకుండా వద్దని నొక్కాడు.

“చచ్చిపోతారండీ!”

“పొద్దున్నే ఈ గోలేటి, కనకం? నీకు పడే మందేదో చేసుకోరాదా,” అన్నాడు, నిజంగానే జాలిపడుతూ.

చెయ్యి పట్టుకుని ఆపబోయిన కనకమాలక్ష్మికి పొగ ఘాటుకు గట్టిగా తుమ్మొచ్చింది. అతను వెనక్కి తిరిగి చూడకుండానే గడప దాటాడు.

ఆమె గబగబా గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడింది. పాత అలవాటు గుర్తొచ్చి తిరిగొస్తాడేమోనని ఆశ. పొగలో మనిషి కనబడలేదు. మెట్లు దిగుతున్న కూనిరాగం మాత్రం వినిపిస్తోంది. కింది మెట్టు దగ్గర అది ఆగిపోయింది. దగ్గు వినబడలేదు.