మూల కంప్యూటరు కింది గుంత

ధర్మవరంలో మురళి ఇంటర్నెట్ సెంటర్‌కి పోతే ఏ కంప్యూటర్ ముందైనా కూర్చో... మూలనున్న దాని జోలికి మాత్రం పోవద్దు — రెండు వేల ఏడు, ఎనిమిది ప్రాంతాల్లో ఆ వీధి కుర్రాళ్లు ఒకరి చెవిలో ఒకరు వేసుకున్న మాట ఇది.

ఆ గది ఒకప్పుడు మగ్గం ఇల్లు. నేసేవాడు కాళ్లు దించుకునే గుంత అలాగే ఉంది. మురళి తాత అందులో కూర్చునే, చీర సగంలో ఉండగా కన్నుమూశాడు. మనవడు గదికి అడ్డంగా ప్లైవుడ్ కొట్టి, ముందువైపు సెంటర్ పెట్టాడు, వెనక వంటిల్లు. గుంత అటు సగం, ఇటు సగం. ఇటువైపు బల్ల వేసి, ఉన్నవాటిలో ముసలి కంప్యూటర్‌ని దాని మీద పెట్టాడు. దాని సీపీయూ డబ్బా ఊరికే కాగిపోతోందని గుంతలోకి దించాడు.

అమావాస్య రాత్రి అక్కడ కూర్చుంటే పాదాలకు చల్లగా ఊపిరి తగులుతుందట... టక్... టక్‌మని చప్పుడట. తక్కిన రోజుల్లో ఏమీ ఉండదట. సగం చీర కోసం తాత తిరిగొచ్చాడనడానికి ఇంకేం రుజువు కావాలి!

తిప్పన్నకు ఇదంతా తెలుసు. కానీ పాపం, నేతగాడు. మగ్గానికి సెలవు అమావాస్యనాడే. ఆ రోజు బెంగళూరు కుర్రాళ్లతో కలిసి ఆన్‌లైన్‌లో కోట యుద్ధం ఆడతాడు. మొహాలు చూడని స్నేహితులే, అయినా వాళ్లంటే ప్రాణం. పోయినసారి ఆట బిగుసుకుపోయి, వీడి గుర్రం కోట తలుపులో అడ్డంగా నిలబడిపోయింది. సొంత సైన్యమే లోపలికి పోలేక చచ్చింది. మళ్లీ ఇట్లాగైతే జట్టులోంచి తీసేస్తామన్నారు.

ఈ అమావాస్యకు పోయేసరికి, మూలది తప్ప అన్నీ నిండిపోయాయి.

"ఆడ కూర్చుంటావా?" గొంతు తగ్గించి అడిగాడు మురళి.

"కూర్చుంటాన్నా... ఏం జేసేది?"

యుద్ధం మొదలైంది. కాసేపు బాగానే నడిచింది. అంతలో గుర్రం కాలెత్తి, దించడం మర్చిపోయింది. అప్పుడు...

టక్... టక్...

పాదాల మీద చల్లటి గాలి! లేచి పరుగెత్తాలనిపించింది — పరుగెత్తితే జట్టు పోతుంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తాతా... నీ చీర నేను నేసిస్తా. ఈ కోట ఒక్కటి కానీ..."

టక్... టక్... టక్...

గుర్రం కాలు దించింది. ఆ తర్వాత ఆగితే ఒట్టు. కోట పడింది. "నువ్వు మావాడివి" అని రాశాడు బెంగళూరు నాయకుడు.

ఆ ఒక్క మాటతో ధైర్యమొచ్చి, తిప్పన్న బల్ల కిందికి వంగాడు. ప్లైవుడ్ కింది నుంచి ముడతలు పడ్డ చెయ్యి... చేతిలో విసనకర్ర...

"ఓబులమ్మవ్వా!"

మురళి వాళ్ల అవ్వ. వంటింటి వైపు గుంత గట్టున కూర్చుని, డబ్బాకు విసురుతోంది. విసిరినప్పుడల్లా కర్ర డబ్బాకు తగులుతోంది. మగ్గాలకు సెలవైతేనే సెంటర్ నిండేది, సెంటర్ నిండితేనే ఎవడో ఒకడు మూలకొచ్చేది. అదీ అమావాస్య సంగతి!

"ఉష్... మెల్లగా," అంది అవ్వ. "మా ముసలాయన గుంత ఇది. ఈడ ఇంకో పని నడిమిలో నిలిచిపోతే సూడలేనప్పా."

తిప్పన్నకు కళ్లు చెమర్చాయి. "మేమంతా దెయ్యమని భయపడి సస్తాండామే... ఒక్క మాట చెప్పకూడదా అవ్వా?"

"చెప్తే అన్ని డబ్బాలకూ నన్నే విసరమంటారు."

విసనకర్ర ఆగింది. చీకట్లోంచి అవ్వ గొంతు ఇంకాస్త దగ్గరగా వినిపించింది.

"అది సరేగానీ... సగం చీర అటక మీదనే ఉండాది. పొద్దున్నే వస్తావా, నాయనా?"