ఆరో బ్రాంచి

జానీ మియా పరుపుల దుకాణానికి బ్రాంచీలు ఐదు. ఖమ్మంలో పెద్దది. తర్వాత వైరా, కల్లూరు, కారేపల్లి, కొత్తగూడెం. ఐదింటికీ ఒకటే పేరు, ఒకటే ఆకుపచ్చ బోర్డు. ప్రతి పరుపు మూలకీ ఒక గుడ్డ చీటీ కుట్టి ఉంటుంది, "జానీ మియా పరుపులు" అని. దూది ఏకి మళ్లీ నింపడానికి వచ్చిన పాత పరుపులవి కలిసిపోకుండా ఆ చీటీ వెనక మనిషి పేరు, ఊరు సిరాతో రాస్తారు. అది తాతల నాటి పద్ధతి.

ఇదివరకు జనం దారి అడుక్కుంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడెవరు అడుగుతున్నారు లెండి. ఫోన్ తీస్తారు, మ్యాప్‌లో కొడతారు, బాణం ఎటు చూపిస్తే అటు బండి తిప్పుతారు.

ఆ మ్యాప్ పని జానీ మియా కూతురు షీరీన్‌ది. ఇరవై ఆరేండ్ల పిల్ల. శుక్రవారం సెలవు, రంజాన్ నెలలో వేళలు వేరు, వైరా నంబరు మారింది... ఐదు బ్రాంచీలవీ ఎప్పటికప్పుడు సరిచేసేది. ఎవరైనా ఒక్క స్టార్ ఇచ్చి తిడితే ఊరుకునే రకం కాదు. "పరుపును మిద్దె మీద వానకు వదిలి మమ్మల్ని అంటే ఎట్లా సార్" అని కల్లూరు ఆయనకు జవాబు రాస్తే, ఆయన నవ్వుకుంటూ మర్నాడే వచ్చి కొత్తది కొన్నాడు.

శ్రావణం ముహూర్తాలు మొదలయ్యాయి. పరుపుల వాళ్లకు అదే పంట. ఒక మంగళవారం పాల్వంచ నుంచి ఎవరో ఒకాయన ఫోన్ చేశాడు.

"ఏందమ్మా, అడివిల దుకాణం పెట్టిన్రా? కొత్తగూడెం పోదామని మ్యాప్ పెడితే తునికాకు కల్లం కాడికి తెచ్చి నిలబెట్టింది. మనిషి లేడు, దుకాణం లేదు."

షీరీన్ కంప్యూటర్ తెరిచింది. ఐదు గుర్తులుండాల్సిన చోట ఆరు ఉన్నాయి.

ఆరోది పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, రోడ్డు వదిలి లోపలికి, పచ్చటి అడవి మధ్య. పేరు వీళ్లదే. వేళలు ఇరవై నాలుగు గంటలు. పదకొండు రివ్యూలు, అన్నీ ఐదు స్టార్లు. అందరూ ఒకటే మాట రాశారు: "నిద్ర బాగా పట్టింది." చివరాయన మాత్రం ఇంకో ముక్క కలిపాడు.

"నిద్ర బాగా పట్టింది. ఇంకా లేవలేదు." కింద పేరు, పిచ్చయ్య, కారేపల్లి.

ఎవడో ఆకతాయి పని అనుకుని తీసేయమని మ్యాప్ కంపెనీకి రాసింది. రెండో రోజే జవాబు వచ్చింది. ఆరోది మీదేనని ఒప్పుకోండి, లేదా అక్కడ దుకాణం లేదని వీడియో తీసి పంపండి. ఏడు రోజుల్లో ఏదీ తేలకపోతే ఆ పేరు మీదున్నవన్నీ తీసేస్తాం. నిరుడు వైరా గుర్తు నాలుగు రోజులు కనపడకపోతేనే అక్కడ ఫోన్ మోగలేదు. ఇప్పుడు ఐదూ పోతే, ముహూర్తాల కాలంలో, ఇరవై రెండు మంది పనివాళ్లు ఏం తినాలి?

జానీ మియాకు స్క్రీన్ చూపించింది. ఆయన చదివాడు. పిచ్చయ్య పేరు దగ్గర ఆగిపోయాడు.

"మాదే అని ఒత్తు బేటీ. జల్దీ ఒత్తు."

"లేని దుకాణం మనదెట్ల అయితది అబ్బా?"

ఆయన గడ్డం రుద్దుకున్నాడు. తర్వాత చెప్పాడు. మనిషి చనిపోయిన పరుపును వాళ్ల వంశంలో ఎవరూ దుకాణం గడప దాటనియ్యరు. దూది ఏకేవాడే చావు జరిగిన ఇంటికి పోయి, కుట్టు విప్పి, దూదిని గాలికి వదిలి రావాలి. అప్పుడే పోయిన మనిషి ఆ పరుపు మీద నుంచి లేస్తాడని ఆయన తండ్రి చెప్పేవాడు. కరోనా ఏడాది ఎవరింటికి పోతారు? షీరీన్ అప్పుడు హన్మకొండలో మేనత్త ఇంట్లో చిక్కుకుంది. జనం రాత్రికి రాత్రి పదకొండు పరుపులు తెచ్చి దుకాణం మెట్ల మీద పడేసి పోయారు. అందులో పిచ్చయ్యదీ ఒకటి. ముట్టుకోవాలంటే భయం. ట్రాలీ నడిపే దేవ్‌సింగ్‌తో అడవికి పంపించాడు.

"కుట్లు విప్పమన్నవా?"

జానీ మియా తల అడ్డంగా ఊపాడు. "ఒప్పుకుంటే పీడ పోతది బేటీ. ఆడ ఒకటి ఉంటే ఉండనీ."

"లేని దుకాణం నాదనను. చేసిన తప్పు కాదనను. దబ్బనం యాడుంది?"

మర్నాడు మధ్యాహ్నం ట్రాలీలో బయల్దేరారు. దేవ్‌సింగ్‌కు యాభై దాటాయి, షీరీన్‌ను ఎత్తుకుని తిప్పినవాడు. పాల్వంచ దాకా పాటలు పెట్టాడు. అడవి మొదలవగానే ఆపేశాడు.

"కాకా, భయమా?"

"నాకేం భయం బిడ్డా. బండికే భయం. సూడు ఎట్ల వణుకుతుందో."

వాన వెలిసింది కానీ మబ్బు వీడలేదు. ఐదు కాకుండానే టేకు చెట్ల కింద మసక కమ్మింది. మట్టిబాట చివర కల్లం కనిపించింది. ఒకప్పుడు తునికాకు కట్టలు ఆరబెట్టిన చోటు, పక్కన రేకుల షెడ్డు. పురుగు కూత లేదు. ఆకుల మీద నుంచి నీళ్లు చుక్కచుక్కగా రాలుతున్న చప్పుడు... దాని అడుగున ఇంకేదో చప్పుడు.

ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. అయినా మ్యాప్ కదిలింది. "మీరు చేరుకున్నారు. ఇప్పుడు తెరిచి ఉంది."

షీరీన్ వీడియో మొదలుపెట్టి లోపలికి నడిచింది.

ముందు వాసన తగిలింది. తడి దూది, కర్పూరం, దవాఖానా మందు. ఐదేండ్లుగా పడి ఉన్న పరుపులను చెదలు తినాలి, ఎలుకలు కొరకాలి. కానీ అవి గోడ వెంట వరుసగా పరిచి ఉన్నాయి. శుభ్రంగా. పొడిగా. ప్రతి దాని నడుమ ఒక గుంట... మనిషి పొడవున.

ఇందాక అడుగున వినిపించిన చప్పుడేదో ఇప్పుడు తెలిసింది. ఊపిరి. గాఢంగా నిద్రపోయేవాళ్ల ఊపిరి. ఒకటి కాదు.

"బిడ్డా... పోదాం," దేవ్‌సింగ్ గుమ్మంలోనే గొణిగాడు.

"టార్చి పట్టు కాకా."

మొదటి పరుపు మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టు. లేదు... ఇంకా లేవనట్టు.

చెవి పక్కనే ఎవరో అన్నారు, మెల్లగా, నిద్రమత్తులో.

"ఇంకొంచెంసేపు పండుకోనీ..."

షీరీన్ ఆ పరుపు పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

"మా పేరు కింద పండుకోనియ్య," అంది. "లేవండి. మా అబ్బా చెయ్యాల్సిన పని నేను చేస్త."

దబ్బనం కుట్టులో దూర్చి లాగింది. దారం పటపటా తెగింది. దూది పిడికిళ్లతో తీసి గుమ్మం వైపు విసిరితే, ఎక్కడిదో గాలి వచ్చి ఎత్తుకుపోయింది. చీటీ ఊడదీసి, వెనకాల పేరు పైకి చదివి, జేబులో వేసుకుంది. ఉత్త గుడ్డనూ గాలే లాక్కుపోయింది. ఊపిరి ఒకటి తగ్గింది.

రెండు. మూడు. వేళ్లు కోసుకుపోయాయి. నాలుగు. ఐదు. దేవ్‌సింగ్ టార్చి పట్టుకునే ఏడుస్తున్నాడు. "మాఫ్ చెయ్యిండ్రి... ఉరుకుల మీద పడేసి పోయిన... మాఫ్ చెయ్యిండ్రి..."

పదోది విప్పేసరికి షెడ్డు ఖాళీ అయింది. ఉత్త నేల, ఉత్త రేకులు. షీరీన్ ఫోన్ ఎత్తి నాలుగు మూలలూ చూపించింది. "చూడండి. ఇక్కడ మా దుకాణం లేదు."

తర్వాత జేబులో చీటీలు లెక్కపెట్టింది. పది. పిచ్చయ్యది లేదు.

"కాకా, పదకొండు కదా?"

"పదకొండే బిడ్డా. నా చేత్తో దించిన."

షెడ్డు చుట్టూ తిరిగారు. లేదు. కానీ ఒక్క ఊపిరి ఇంకా వినిపిస్తోంది. లోపల కాదు... ట్రాలీ నిలబెట్టిన వైపు. పోయి చూస్తే ట్రాలీలో ఏమీ లేదు.

తిరుగుదారంతా దేవ్‌సింగ్ గేర్లతో కుస్తీ పట్టాడు. కొత్తగూడెం వచ్చాక అన్నాడు. "ఖాళీ బండి బిడ్డా. ఇట్లెందుకు గుంజుతుంది?"

వీడియో పంపిన మర్నాడే ఆరో గుర్తు పోయింది. ఐదూ నిలబడ్డాయి. ఫోన్లు మోగాయి. జానీ మియా పది చీటీలూ పట్టుకుని పదిళ్లకూ పోయి చేతులు జోడించి వచ్చాడు. పదకొండో ఇంటికి, కారేపల్లికి, ఏం పట్టుకుని పోవాలో ఆయనకు తెలియలేదు.

శుక్రవారం. సెలవు. ఖమ్మం దుకాణంలో షీరీన్ ఒక్కతే కూర్చుని బ్రాంచీల వేళలు సరిచేస్తోంది. బయట పట్టపగలు, ఆటోల మోత. షట్టర్ దించి, పక్క తలుపుకు లోపలి గొళ్లెం పెట్టుకుంది. ఎదురుగా కొత్త పరుపులు వరుసగా పరిచి ఉన్నాయి.

ఖమ్మం బ్రాంచి పేరు కింద చూసింది. తను సెలవు అని పెట్టిన చోట "ఇప్పుడు తెరిచి ఉంది" అని ఉంది. దాని కింద కొత్త రివ్యూ. ఒక్క స్టార్.

"ఆడ అందరూ పోయిండ్రు. ఒక్కణ్నే ఉన్న. నిద్ర పడతలేదు. పిచ్చయ్య, కారేపల్లి."

కర్పూరం వాసన...

షీరీన్ తల ఎత్తలేదు. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లకు ఎప్పుడూ ఇచ్చినట్టే జవాబు టైపు చేసింది. "మీ పరుపు తీసుకురండి. కుట్టు విప్పే పూచీ మాది." పంపించింది. సొరుగు తెరిచి దబ్బనం తీసుకుంది. అప్పుడు చూసింది.

మూడో పరుపు. కొత్తది, ఇంకా ప్లాస్టిక్ కవరు తీయనిది. దాని నడుమ గుంట పడి ఉంది... మనిషి పొడవున.

"పెద్దాయనా," అంది. "అది పెండ్లిపిల్లది. మీది కాదు. లేవండి."

కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత ప్లాస్టిక్ చిటపటమంది. గుంట మెల్లగా నిండింది. పరుపు పైకి లేచి చదునైంది.

పెద్దాయన బయటికి పోతాడేమోనని షీరీన్ తలుపు వైపు చూస్తూ కూర్చుంది. చాలాసేపు.

గొళ్లెం వేసింది వేసినట్టే ఉంది.