పడమటి రేవు మీద మంచు

చివరి ప్రయాణికుడి మణికట్టు ముద్రను ద్వారం చదివింది. తూర్పు రేవులో దిగినవారు నలభై రెండు మంది. పడమటి తీరంలో మిగిలినవారు సున్నా. నూకరత్నం ముందున్న తెర మీద ఆకుపచ్చ గీత వెలిగింది.

ఊర్డాల్ ఫియోర్డ్ అనే ఇరుకు సముద్రపాయ మీదికి ఒరిగిన కొండకొమ్మును పదకొండు గంటలకు పేల్చి నీళ్లలోకి దించుతారు. నూరేళ్ల క్రితం దాని పక్క కొమ్ము దానంతటదే విరిగిపడింది. అప్పుడు లేచిన అల రెండు ఆవిరి ఓడలనూ ఒక పల్లెనూ మింగేసింది. ఈసారి అల ఖాళీ తీరాన్ని తాకాలి. ఖాళీ అని తేల్చేది మణికట్టు ముద్రలను లెక్కపెట్టే తీరగణకం. సరంగు లేని ఈ దాటుపడవలో ఉండి ఆ గణకాన్ని కనిపెట్టి చూడటం నూకరత్నం ఉద్యోగం.

తెరలో పడమటి రేవు పక్కన పొగమంచు పట్టి ఉంది. ఎందుకో నిన్నటి చిత్రం తీసి చూసింది. అక్కడా మంచే. మొన్నటిదీ తీసింది. అంచున అదే వంపు, మధ్యలో అదే చిరుగు. భీమిలి ఒడ్డున మంచును చూస్తూ పెరిగిన మనిషి ఆమె. మూడు రోజులు కదలని మంచును ఎన్నడూ చూడలేదు.

దుర్భిణి తీసుకుని బయటికొచ్చింది. అవతల మంచు లేదు, ఎండ కాస్తోంది. ఎర్ర చెక్కల ఇంటి ముందు దండెం మీద దుప్పట్లు. వాటి నుంచి నీళ్లు కారుతున్నాయి.

నియంత్రణ గదిలో ఉన్న సింహాద్రిని పిలిచింది. అతనిది ఆమె పక్కూరే.

“అన్నా, పడమటేపు ఎవులో ఉన్నారు.”

“ఎవులూ నేరమ్మా. గణకం సున్నా అంటంది కదా.”

“తడి బట్టలున్నాయన్నా!”

సింహాద్రి గొంతు తగ్గించాడు. “ముద్ర ఏయించుకోనోళ్లు కొందరున్నారంట. ఆళ్లని అది మనుసుల్లో ఎంచదు.”

“మరి తెరలో ఆ మంచెవులు పెట్టారు?”

“అదిప్పుడెందుకమ్మా?” అన్నాడు సింహాద్రి. ఇతనికి ముందే తెలుసా? అనుకుంది నూకరత్నం.

“పేలుడు ఆపన్నా.”

“సున్నా ఉంటే నాను ఆపినా ఆగదు. పాతిక నిమిసాలే ఉంది. పడవ దిగి పైకొచ్చెయ్.”

ఆమె దిగలేదు. చేత్తో తిప్పే చుక్కాని మీదున్న సీలు తెంపింది. పడవ రేవు వదలగానే పేలుడు గడియారం ఆగింది. ఆమె మణికట్టు ముద్రను చదివి, నీటి మీద ఒకరు, అంది తెర. ఆమె వెనక్కి తిరిగితే గడియారం మళ్లీ నడుస్తుంది.

ఆవిరి ఓడల కాలంనాటి రాతి రేవుకు పడవను కట్టి దిగింది. ఎర్ర ఇంటి తలుపు సగమే తెరుచుకుంది. ఒక ముసలాయన ఆమె మణికట్టు వైపు చూశాడు.

“ముద్ర వెయ్యడానికి వచ్చావా?”

“కాదు. పడవ ఎక్కించుకోడానికి.”

ఆయన తలుపు పూర్తిగా తీశాడు. వెనక నుంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు. చివరి ఆమె చంకలో పసిపిల్ల.

చెవిలో సింహాద్రి గొంతు పలికింది. “తీరం మీద ఒక్కరే అంటందమ్మా. నువ్వే.”

“పన్నెండు మందిమన్నా,” అంది నూకరత్నం. “నీ చేత్తో రాయి.”