నలభయ్యో చానెల్‌లో మాస్టారు

"ఎవరయ్యా ఆ తెల్ల కారవాన్? బ్రేకు మీద కాలు పెట్టి నిద్రపోతున్నావా?"

రోడ్డు మీద బండ్లవాళ్ళు మాట్లాడుకునే రేడియోలో ఆడగొంతు. రూబెన్ లీనర్ట్ ఉలిక్కిపడి అద్దంలోకి చూశాడు. అద్దం నిండా లారీ ముఖమే ఉంది.

"నేను బ్రేకు తొక్కలేదు," అన్నాడు రేడియో అందుకుని.

"తొక్కలేదా? మరి వెనక ఆ ఎర్ర దీపాలేంటి, క్రిస్మస్ ముందే వచ్చిందా?"

"మీకు దారి ఇద్దామని కాలు తీశాను. ఇది కరెంటు కారు. కాలు తీస్తే తనే ఆగుతుంది."



"కరెంటు కారుతో కారవాన్ లాగుతున్నావా?"

ఈసారి ఎవరో ముసలి గొంతు కలగజేసుకుంది. "లాగట్లేదమ్మాయ్, షికారు తిప్పుతున్నాడు. కుక్కని తిప్పినట్టు."

నలభయ్యో చానెల్ అంటే అంతే. ఆ రోడ్డు మీద లారీ తోలే ప్రతివాడూ అందులోనే ఉంటాడు. ఇద్దరే చాటుగా మాట్లాడుకోవడమనేది అక్కడ కుదరదు.

"నువ్వుండు మెర్వ్," అంది ఆమె. "ఇదిగో కారవాన్, విను. నా వెనక రెండు ట్రెయిలర్ల బార్లీ ఉంది. దిగుడులో ఊపు అందుకుని నిన్ను దాటడానికి పక్కకి వస్తుంటే నువ్వు ముందు ఆగిపోయావ్. ఇంకోసారి అలా చెయ్యకు. నేను నీ పక్కకి వచ్చేదాకా నీ వేగం నీదే. నా వెనక ట్రెయిలర్ నీ కిటికీ దగ్గరికి వచ్చాక అప్పుడు కాలు తియ్యి. మర్యాద ముందే చూపిస్తే మనుషులు పోతారు."

"క్షమించండి."

"ఆ మాట నా బ్రేకులకి చెప్పు."

ఆమె దాటింది. ఈసారి రూబెన్ వేగం మార్చలేదు. లారీ గాలికి కారవాన్ ఒకసారి ఊగి, మళ్ళీ కుదురుకుంది. ముందుకి వెళ్ళాక ఆమె దీపాలు రెండుసార్లు వెలిగించి ఆర్పింది. తిట్టిన మనిషి కృతజ్ఞత చెప్పడమేమిటో అతనికి అర్థం కాలేదు.

రూబెన్ వుడినా బడిలో టీచరు. శుక్రవారం ఒక్కరోజు మాత్రం బడికి వెళ్ళడు. కారు వెనక తగిలించిన కారవాన్ నిండా పుస్తకాలు వేసుకుని పశ్చిమంగా మినిపా, పూచెరా, విరల్లా తిరుగుతాడు. చిన్న ఊళ్ళు. పిల్లలు వచ్చి పాత పుస్తకాలు ఇచ్చి కొత్తవి తీసుకుంటారు. ఆ పని మొదలుపెట్టింది అతని అక్క బ్రాన్విన్. గత చలికాలంలో, అంటే ఆ దేశంలో జూలైలో, ఆమె జబ్బుతో పోయింది. కారవాన్‌ని లాగే ఆమె డీజిల్ బండి అమ్మేశారు. ఏడాది చివరిదాకా పుస్తకాలు తాను తిప్పుతానని రూబెన్ అన్నాడు. అతనికున్నది కరెంటు కారే.

ఒట్టి కారు వెళ్ళే దూరంలో సగమే వెళ్తుంది, వెనక కారవాన్ ఉంటే. ఎదురుగాలి తగిలితే ఆ సగమూ ఉండదు. గంటకి డెబ్బై కిలోమీటర్లు దాటకుండా నడిపితే ఊరికీ ఊరికీ మధ్య చార్జింగ్ సరిపోతుంది. కోతల కాలంలో, ధాన్యం లారీలన్నీ రేవుకి పరుగెత్తే రోడ్డు మీద, డెబ్బైలో వెళ్ళేవాణ్ణి ఎవరూ ప్రేమించరు.

*

పూచెరా దగ్గర హైవే హోటల్లో చార్జర్ ఉంది. దాన్ని కార్ల కొలతకి కట్టారు. వెనక కారవాన్‌తో అక్కడ నిలబడితే పెట్రోలు కోసం వచ్చేవాళ్ళకి దారి ఉండదు. అందుకని రూబెన్ ప్రతిసారీ కారవాన్‌ని పక్కన నిలిపి, చక్రాల కింద చెక్కలు పెట్టి, కొక్కెం విప్పి, కారు మాత్రం తీసుకెళ్ళి తగిలిస్తాడు. చార్జింగ్ అయ్యాక మళ్ళీ వెనక్కి నడిపి కొక్కెం కలపాలి. అది ఒక్కడి పని కాదు. ఒక్కడే చేస్తాడు.

ఆ రోజు నాలుగోసారి కారు దిగి కొక్కెం ఎంత పక్కకి పోయిందో చూస్తుంటే వెనక నుంచి అదే గొంతు వినిపించింది.

"ఇంకో జానెడు ఎడమకి. ముందుకెళ్ళి మళ్ళీ రా. నేను చూస్తా."

పొట్టి మనిషి. ఎండకి వెలిసిపోయిన టోపీ, చేతిలో చల్లటి కాఫీ ఉన్న అట్ట డబ్బా. అంత లారీని ఈమె నడుపుతోందంటే చూడకపోతే నమ్మలేం. ఆమె చెయ్యి ఊపినట్టు అతను నడిపాడు. ఒక్కసారికే కారవాన్ కొక్కెం కారు వెనక గుండు మీద కూర్చుంది.

"టీగన్ పాస్కో," అందామె. "పొద్దున అరిచింది నేనే."

"గుర్తుపట్టాను."

ఆమె నవ్వుతూ కారవాన్ పక్కకి నడిచి ఆగిపోయింది. దుమ్ము కింద బొమ్మ ఉంది, కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం చదువుతున్న వాంబాట్‌ది, చిన్న ఎలుగుబంటిలాంటి బొద్దు జంతువుది. వేలితో దాని ముక్కు మీద దుమ్ము తుడిచింది.

"ఇది బ్రాన్ బండి కదా? వెనక నుంచి తెలీలేదు. ఏదీ ఆ రాక్షసి?"

"నేను తమ్ముణ్ణి," అన్నాడు రూబెన్. "అక్క పోయింది. జూలైలో."

టీగన్ చెయ్యి బొమ్మ మీదే ఉండిపోయింది.

"నేను చలికాలమంతా పశ్చిమాన ఉన్నాను," అంది. "ఎవరూ చెప్పలేదు. పొద్దున నిన్ను అన్న మాటలు..."

"అనాల్సినవే."

"అనాల్సినవే. ఐనా."

 తర్వాత ఆమె చెప్పింది. శుక్రవారం వస్తే బ్రాన్ రేడియోలో పొడుపుకథ వేసేదట. సాయంత్రం దాకా లారీలవాళ్ళు దాని మీద కొట్టుకునేవారట. జవాబు చెప్పకుండానే ఇంటికెళ్ళిపోయేదట.

"నువ్వు రేడియోలో అసలు మాట్లాడవేం?"

"చెప్పడానికేమీ ఉండదు."

"పిల్లల ముందు రోజంతా మాట్లాడే మాస్టారివి. చెప్పడానికేమీ లేదా?"

"వాళ్ళకి చెప్పాల్సింది పుస్తకంలో ఉంటుంది."

టీగన్ అతన్ని ఎగాదిగా చూసింది. "అబ్బో, కష్టమే నీతో," అని లారీ ఎక్కింది.

*

తర్వాతి శుక్రవారం రేడియో తనే పిలిచింది.

"తెల్ల కారవాన్, వెనక టీగన్. దాటుతున్నా. ఏం చెయ్యాలో గుర్తుందా మాస్టారూ?"

"నా వేగం నాదే. మీ వెనక ట్రెయిలర్ వచ్చాకే కాలు తియ్యాలి."

"పదికి పది!"

"నాకు మాత్రం ఎప్పుడూ పదికి పది ఇవ్వలేదు," అన్నాడు మెర్వ్ ఎక్కణ్ణుంచో.

"నువ్వు నిన్న దీపం కూడా వెయ్యకుండా దాటావ్. నీకు సున్నా."

అలా మొదలైంది. కోతలు సాగినంతకాలం సాగింది. ఆమె రేవుకి వెళ్ళేటప్పుడొకసారి, తిరిగొచ్చేటప్పుడొకసారి పలకరించేది. అతను ఒక్కొక్క వాక్యం ముందే సిద్ధం చేసుకునేవాడు. ఒకసారి పిల్లాడెవడో పుస్తకం మధ్యలో బల్లిని పెట్టి తిరిగిచ్చిన సంగతి చెప్పాడు. రేడియోలో ఆరుగురు నవ్వారు. టీగన్ నవ్వు ఏదో అతనికి విడిగా తెలిసింది.

అతను ఆమె ఫోన్ నంబరు అడగలేదు. వారం వారం వినిపించే గొంతుకి నంబరెందుకు అనుకున్నాడు.

నవంబరు చివర్లో ఒక శుక్రవారం వాన పడింది. తడిస్తే ధాన్యం తీసుకోరు. కోత ఆగిపోయింది, లారీలన్నీ హోటల్ ముందు బారులు తీరాయి. రైతులు ఆకాశాన్ని తిట్టుకుంటుంటే, రూబెన్‌కి మాత్రం ఆ వాన బాగుంది. అందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

టీగన్, అతను కారవాన్‌లో పుస్తకాల మధ్య కూర్చుని మాంసం కూరిన రొట్టెలు తిన్నారు. రేకు మీద వాన చప్పుడు. ఆమె జుట్టు చివరల నుంచి చుక్కలు రాలుతున్నాయి. పుస్తకాల మీద పడకుండా ఆమె తల పక్కకి వంచి కూర్చుంది. అతను అది చూశాడు. అతను చూడడం ఆమె చూసింది. ఇద్దరూ చెరో కిటికీ వైపు తిరిగారు.

"ఇక్కడ కోత ఐపోవచ్చింది," అంది టీగన్. "వచ్చే శుక్రవారం పశ్చిమానికి పోతున్నా. ఎస్పరెన్స్ ఊరికి. అక్కడ ఇంకా గోధుమ ఉంది. అది అయ్యాక ఎక్కడ పనుంటే అక్కడికి. ఇటు మళ్ళీ వస్తానో రానో."

రూబెన్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది. చెప్పాలనుకున్న మాట ఒకటి ఉంది. దానికి తగిన వాక్యం దొరకలేదు.

"మంచిది," అన్నాడు. "అక్కడ పంట బాగుందని విన్నాను."

ఆమె అతని వైపు తిరిగింది.

"అంతేనా?"

"ప్రయాణం జాగ్రత్త."

టీగన్ టోపీ పెట్టుకుంది. వాన తగ్గకుండానే దిగి వెళ్ళిపోయింది.

*

మరుసటి శుక్రవారం పశ్చిమం నుంచి ఎదురుగాలి. పూచెరాలో చార్జింగ్ పూర్తయినా, విరల్లా పిల్లలకి పుస్తకాలిచ్చి రేవు ఊరు సెదూనా చేరడానికి బొటాబొటిగా సరిపోతుంది. ఆ రాత్రికి అక్కడి కారవాన్ పార్కులో ఉండాలని అతని ఆలోచన. లారీలన్నీ ఆ ఊరి మీదుగానే పోతాయి. ఆమె కనిపించవచ్చు. వారమంతా ఒక వాక్యం తయారుచేశాడు.

విరల్లా దాటగానే రేడియో తీశాడు. "టీగన్, వినిపిస్తోందా?"

జవాబు మెర్వ్ నుంచి వచ్చింది. "ఆ పిల్ల పొద్దున్నే బయల్దేరింది నాయనా. ఖాళీ బండి, బాగా ముందుంది. సెదూనాలో ఆగనంది. నీ రేడియో అంతదూరం పోదు."

"మీది?"

"నాదీ పోదు. కానీ నాకు ముందు ఇంకో లారీలో బ్లూయి ఉన్నాడు. వాడి గొంతు ఆమెకి అందుతుంది. నాకు చెప్పు, వాడికి చెప్తా."

రూబెన్ గొంతు సవరించుకున్నాడు. "పోయిన వారం మీరు వెళ్తున్న సంగతి చెప్పినప్పుడు నేనిచ్చిన జవాబు, నేను నిజంగా ఇవ్వదలచుకున్న జవాబు కాదని, దానికి కారణం..."

"ఆగాగు. నేను బార్లీ మోస్తా నాయనా, ఇది మోయలేను. కుదించు."

"నేనిచ్చిన జవాబు తప్పు."

"దేనికి జవాబు? బ్లూయి అడుగుతాడు. వాడికన్నీ కావాలి."

నలభయ్యో చానెల్ మొత్తం నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ మాట్లాడట్లేదంటే అందరూ వింటున్నారనే అర్థం. రూబెన్ రోడ్డు వైపు చూశాడు. రెండు పక్కలా కోసేసిన పొలాలు.

"ఆగమని చెప్పండి," అన్నాడు. "నేను వస్తున్నానని చెప్పండి."

"ఇది మోస్తా," అన్నాడు మెర్వ్.

రూబెన్ ఎదురుగాలిలో ఇంకొన్ని కిలోమీటర్లు నడిపాడు. తర్వాత మెర్వ్ గొంతు మళ్ళీ వచ్చింది.

"సెదూనా దాటాక, పెనాంగ్ ఊరికి ఇవతల లారీలు ఆగే చోట ఆపిందట. ఎంత వేగంలో వస్తున్నావని అడుగుతోంది."

"డెబ్బై."

ఎవరో పగలబడి నవ్వారు. మెర్వ్ నవ్వలేదు. "ఏంటయ్యా నువ్వు! ఆ డబ్బా విప్పి పక్కన పడేసి పో. ఒట్టి కారైతే నూటపదిలో పోవచ్చు, చార్జింగ్ కూడా మిగుల్తుంది. డబ్బా ఎక్కడికీ పోదు, నేను కాస్తా."

మెర్వ్ చెప్పింది నిజమే. రూబెన్ బండి రోడ్డు పక్కకి తీసి ఆపాడు. దిగి వెనక్కి నడిచాడు. గాలికి కారవాన్ తలుపు చిన్నగా కొట్టుకుంటోంది. చెక్కలు చక్రాల కింద పెట్టాడు. కొక్కెం మీద చెయ్యి వేశాడు. చెయ్యి అక్కడే ఉంది.

కారులోని రేడియోలోంచి మెర్వ్ అరిచాడు. "మాస్టారూ! ఇంకో మాట వచ్చింది. నువ్వు విప్పబోతున్నావని బ్లూయిగాడు చెప్పేశాడట. బ్రాన్ బండిని రోడ్డున వదిలేసి వస్తే నీ మొహం చూడనంది. డెబ్బైలోనే రమ్మంది. తనకి తొందరేం లేదట."

రూబెన్ కొక్కెం మీద నుంచి చెయ్యి తీశాడు. చెక్కలు తీసి లోపల వేశాడు. తర్వాత కారెక్కాడు.

సెదూనాలో చార్జర్ దగ్గర ఆగాల్సి వచ్చింది. అది ఎంత నెమ్మదైన యంత్రమో అతనికి ఆ రోజే తెలిసింది. మళ్ళీ రోడ్డెక్కాక, ఎదురొచ్చే ప్రతి లారీ ఏదో ఒక వార్త తెచ్చింది.

"ఇంకా అక్కడే ఉంది మాస్టారూ. టైర్లు తనిఖీ చేస్తోంది."

"టైర్లు రెండోసారి చూస్తోంది."

"కోపంగా ఉందా?" అడిగాడు రూబెన్.

"నన్ను చూసి చెయ్యి ఊపింది. నీ సంగతి నాకు తెలీదు."

*

పొద్దు వాలేవేళకి ఆమె లారీ కనిపించింది. టీగన్ మెట్టు మీద కూర్చుని ఉంది. అతను కారవాన్ నిలిపి దిగేదాకా లేవలేదు.

"నా రేడియో ఆపేశా," అంది. "మధ్యలో మోసేవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు ఎంత పొడుగైనా చెప్పు."

వారమంతా తయారుచేసిన వాక్యం అతనికి ఒక్క ముక్క గుర్తురాలేదు.

"నువ్వు వెళ్ళాలి. పనుంది. వెళ్ళొద్దనను," అన్నాడు. "ఈ నెల మధ్యలో బడికి సెలవులిస్తారు. అప్పుడు నేను ఎస్పరెన్స్ వస్తాను. నువ్వు రమ్మంటే."

"దీంతోనా?"

"దీంతోనే. అక్కడి పిల్లలకీ పుస్తకాలు కావాలి కదా."

"నల్లర్‌బార్ మైదానం దాటాలి మాస్టారూ. ఊళ్ళుండవు, చెట్లుండవు, గాలి ఒక్కటే ఉంటుంది. డెబ్బైలో ఎప్పటికి చేరతావ్?"

"తెలీదు. చేరతాను."

టీగన్ అతన్ని చూసింది, కారవాన్‌ని చూసింది. నవ్వాపుకోవడానికి పెదవి కొరికింది, ఆగలేదు.

"నువ్వు చేరేసరికి గోధుమ ఐపోతే?"

"ఐపోతే?"

"నేనే ఎదురొస్తాలే," అంటూ మెట్టు మీద పక్కకి జరిగింది.

అతను వెళ్ళి కూర్చున్నాడు. ఆమె భుజం వెచ్చగా తగిలింది. చాలాకాలంగా పక్కన ఎవరూ కూర్చోలేదన్న సంగతి అతనికి అప్పుడు తెలిసింది.  

తెరిచి ఉన్న కారు తలుపులోంచి బ్లూయి గొంతు వినిపించింది. "ఏమందో ఎవరైనా చెప్తారా? మెర్వ్ బండి ఆపుకుని కూర్చున్నాడు, నేనూ ఆపుకుని కూర్చున్నా. ధాన్యం పుచ్చిపోతోంది ఇక్కడ."

రూబెన్ లేవబోయాడు. టీగన్ అతని భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే వెళ్ళి కారులోని రేడియో అందుకుంది.

"సరే అందట," అని చెప్పింది.

బ్లూయి ఆ మాటని తూర్పుకి, మెర్వ్‌కి అందించడం వినిపించింది. ఒక్క అక్షరం పోలేదు.