మూడో కుండీ జెరేనియం

"మూడో కుండీ. ఎడమవైపు ఆకును ఎవరో తాకారు," అంది పత్రవాణి.

అక్క బట్టలు పెట్టెలో సర్దుతున్న ప్రణతి తలెత్తింది. పొద్దుటి నుంచి ఇది ఆరోసారి.

"కిటికీ తెర తగిలుంటుంది. ఊరుకో," అని విసుక్కుంది.

పత్రవాణి అనే పరికరం వచ్చాక మొక్కల పెంపకమే మారిపోయింది. కాడకు తగిలించిన వెంట్రుకంత తీగ మొక్క దాహాన్నీ, ఎండ చాలకపోవడాన్నీ, ఆకుకు తగిలిన ప్రతి స్పర్శనూ మాటల్లో చెప్పేది. మదనపల్లెలో జెరేనియం పూలకుండీ లేని వాకిలి లేదిప్పుడు. మట్టిలో వేలు పెట్టి తడి చూసే అలవాటు మాత్రం అందరికీ పోయింది, ఒక్క అక్క లాస్యకు తప్ప. ముప్పై ఏళ్లు నర్సరీలో జెరేనియాలు పెంచిన మనిషి ఆమె. పైమట్టి ఎండితేనే నీళ్లు పోసేది. వాడిన గుత్తిని కాడతో సహా తుంచేది. వానలు పట్టగానే కాడలు కుళ్లకుండా కుండీలన్నీ పెరట్లోంచి ఇంట్లోకి చేర్చేది.

ఈ ఏడు ఆ పని ప్రణతి చేసింది. నాలుగు నెలల కిందట లాస్యకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. ఎడమచేతి చూపుడువేలు కొద్దిగా కదిలేది. అది వట్టి నరాల అదురేననీ, మనం అనేది ఆమెకు అర్థం కాదనీ డాక్టర్లు తేల్చారు. డెబ్బైకి దగ్గరపడిన ప్రణతికి అక్కను ఒంటరిగా ఎత్తి కూర్చోబెట్టే బలం లేదు. ఏడ్చి ఏడ్చి, చివరికి దూరాన ఉన్న సంరక్షణాలయానికి పంపడానికి ఒప్పుకుంది. రెండు గంటలకు బండి వస్తుంది.

"మూడో కుండీ. ఆకును ఎవరో తాకారు."

ప్రణతి విసురుగా లేచి, మంచం పక్కనున్న కుండీని అవతలికి జరిపింది. గది నిశ్శబ్దమైంది. వెనక్కి తిరగబోతూ అక్క ముఖం చూసింది. కంటి కొసనుంచి నీళ్లు చెవి మీదికి జారుతున్నాయి. చూపుడువేలు ఖాళీ గాలిలో వెతుక్కుంటోంది.

ప్రణతి కుండీని మళ్లీ ఆ చేతి దగ్గరికి తెచ్చిపెట్టింది.

"అక్కా, నువ్వేనా? నా మాట వినబడతా ఉంటే రెండుసార్లు తాకు."

"తాకారు," అంది పత్రవాణి. ఒక్క క్షణం ఆగి, "తాకారు."

ప్రణతి మంచం పట్టె మీద కూర్చుంది. "ఇన్నాళ్లూ అన్నీ విన్నావా! నిన్ను పంపించేస్తానని నేను ఫోన్లో చెప్పింది కూడానా?"

"తాకారు. తాకారు."

"పోవల్లనుందా అక్కా? పోతానంటే రెండు, వద్దంటే ఒకటి."

"తాకారు."

ప్రణతి ఎదురుచూసింది. రెండో మాట రాలేదు.

అప్పటికప్పుడు ఫోన్ చేసి బండి వద్దని చెప్పేసింది. సాయానికి మనిషిని పెట్టుకుంటానంది. డాక్టరును మళ్లీ రమ్మంది. పత్రవాణి హెచ్చరించింది: "ఆకు నలుగుతోంది. కుండీని దూరంగా ఉంచండి."

"ఇంకో ఆకుంది. నీకు దణ్ణం పెడతా, నువ్వు చెప్తానే ఉండు," అని ప్రణతి నిజంగానే చేతులు జోడించింది. కుండీని కొంచెం తిప్పి, పచ్చటి ఆకొకటి అక్క వేలికి అందించింది. నలిగిన ఆకు వాసన గదంతా నిండింది.

"నేను అక్షరాలు చదువుతా. నీకు కావల్సింది వచ్చినప్పుడు తాకు. ఏం చెప్పల్లని ఇన్ని దినాలు తన్నుకులాడినావో చెప్పక్కా."

అ నుంచి మొదలుపెట్టి మెల్లగా చదివింది. 'త' దగ్గర పత్రవాణి పలికింది. మళ్లీ మొదటినుంచి చదివితే 'న' దగ్గర. మూడోసారి 'వ' దగ్గర. అంతటితో వేలు ఆగింది.

"త, న, వ..." ప్రణతి పదేపదే గొణుక్కుంది. నొప్పి గురించి కాదు, మందు గురించీ కాదు. గుణింతాలు కలిపి చూసుకుంది. "తి... న్నా... వా..."

అక్క కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం దాటింది. పొద్దుటి నుంచి ప్రణతి నోట్లో మెతుకు పడలేదు.

"లేదక్కా, ఇంకా తిన్లేదు," అంటూ అక్క చేతిని చెంపకు ఆనించుకుని బావురుమంది.