పాట పూర్తయ్యేదాకా

శవం పిడికిట్లో దారానికి గుచ్చిన ఐదు పూసలున్నాయి.

ఫ్యాన్ కన్వెన్షన్ జరుగుతున్న ఎగ్జిబిషన్ హాలు వెనక స్టోర్‌రూమ్‌లో, పోస్టర్ల కట్టల మధ్య అతను బోర్లా పడి ఉన్నాడు. మెడ మీద సూదిపోటంత మచ్చ. ఒంటిమీద గాయని బొమ్మ వేసిన కొత్త టీషర్టు. ఉదయం పదకొండు గంటలకు, బయట నాలుగు వేలమంది గొంతు చించుకుని పాడుతుంటే, లోపల గూఢచారి డిపార్ట్‌మెంట్ కొరియర్ చప్పుడు లేకుండా చచ్చిపోయాడు. వయసు ముప్పై ఒకటి. ఇంట్లో భార్య, ఇప్పుడిప్పుడే అడుగులు వేస్తున్న కూతురు.

చావడానికి ఇరవై నిమిషాల ముందు అతను పంపిన మెసేజ్ ఒక్కటే: 'సరుకు అవార్డుల ఫంక్షన్‌కి వస్తోంది.'

మధ్యాహ్నానికల్లా ఆ పూసల ఫోటో చీఫ్ టేబుల్ మీదికి వచ్చింది. బయట 'నీటి మీటర్ల మరమ్మతు కార్యాలయం' అని బోర్డున్న ఆ బిల్డింగ్‌లో చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ల్యాబ్ వాళ్లు పూసల్ని తిప్పి తిప్పి చూసి, విషం లేదు, మైక్రోఫిల్మ్ లేదు, పిల్లల ఆటవస్తువు అని తేల్చేశారు. కోడ్‌రూమ్ నుంచి ఫైల్ తీసుకొచ్చిన గుమాస్తా మాత్రం ఫోటో దగ్గర ఆగిపోయింది.

ఆమెను ఆఫీసంతా పిన్ని అని పిలుస్తుంది. నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే కళ్లజోడు తాడు. ఎవరు ఏ ఆపరేషన్‌కి వెళ్లినా తిరిగొచ్చి టీ తాగేది ఆమె గదిలోనే. చనిపోయిన కొరియర్ కూడా అంతే.

"ఇది పిల్లలది కాదు సర్."

"మీకెలా తెలుసు?"

పిన్ని ఫైలు బల్ల మీద పెట్టింది. ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు అంటించిన పోస్టర్లు ఆమె కూతురికి తప్ప ఇంకెవరికీ తెలియవు. కూతురు కూడా "ఈ వయసులో నీకిదేం పిచ్చమ్మా" అని నెత్తి కొట్టుకుని ఊరుకుంటుంది.

"నేను సుడిగాలి ఫ్యాన్‌ని సర్. పదకొండేళ్ల నుంచీ."

దేశద్రోహం ఒప్పుకున్నా ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉండేది కాదు. సుడిగాలి అంటే ఈ ఏడు బెస్ట్ సింగర్ అవార్డుకి పోటీలో ఉన్న పాప్ గాయని అని పెద్దాయన చెవిలో ఎవరో చెప్పాల్సి వచ్చింది.

"చెప్పండి."

"ఆమెవి ఏడు ఆల్బమ్‌లు. ఒక్కోదానికి ఒక్కో రంగు. కన్వెన్షన్లలో ఫ్యాన్స్ ఆ రంగుల పూసల్తో కంకణాలు గుచ్చి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. రంగులు ఆల్బమ్‌ల వరసలోనే ఉంటాయి. వరస తప్పితే మళ్లీ ఊడదీసి గుచ్చుతారు. ఇందులో ఐదు, రెండు, ఆరు, ఒకటి, నాలుగు. ఏ ఫ్యానూ ఇలా గుచ్చదు. ఇది అంకెల కోసం గుచ్చింది."

స్టేడియం ప్లాన్ తెప్పించారు. ఐదో బ్లాకు, ఇరవయ్యారో వరుస, పద్నాలుగో సీటు. ఎవరి పేరు మీదుందో కనుక్కునేసరికి పావుగంట పట్టింది. ఒక విదేశీ ఎంబసీలో కల్చరల్ ఆఫీసర్.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "సరుకంటే ఒక లిస్టు. మన ఆఫీసు నుంచే పోయింది. వాళ్ల దేశంలో మనకోసం పనిచేసే ఏడుగురి పేర్లు. అది వీడి జేబులో పడితే, ఎంబసీవాడు కాబట్టి మనం వీడి ఒంటిమీద చెయ్యి వెయ్యలేం. మర్నాటికి ఏడుగురూ ఉండరు."

"వాళ్లని ముందే రప్పించలేమా సర్?"

"వారం పడుతుంది. ఫంక్షన్ ఎల్లుండి." ఇంకో ఫోటో ముందుకు తోశాడు. "అయినా మన మనిషి లోపల ఉంది. డబుల్ ఏజెంట్. వీడి ముఠాతో కలిసినట్టు నటిస్తూ మూడేళ్లుగా మనకు కబుర్లు ఇస్తోంది. సరుకు ఎవరు తెస్తున్నారో ఆమె కనిపెడుతుంది."

ఫోటోలో వెండి రంగు బూట్లు, తీరైన ముఖం, కెమెరాని ఆటపట్టిస్తున్నట్టుండే నవ్వు. ఫ్యాన్ క్లబ్ ప్రెసిడెంటు. అభిమానులంతా వెండిపిట్ట అని పిలుచుకునే మనిషి. పిన్ని భర్త ఐసీయూలో ఉన్న పన్నెండు రోజులూ బయట బెంచీ మీద పక్కన కూర్చుని, తోచక పూసలు గుచ్చి, ఒకటి ఆమె చేతికి కట్టిన మనిషి. ఆ కంకణం ఇప్పుడు కూడా పిన్ని జాకెట్టు చేతికింద ఉంది. రెండు మెలికలేసి, కొసను అగ్గిపుల్లతో కాల్చి అదిమిన ముడి.

శవం పిడికిట్లో ఉన్నదానికీ అదే ముడి.

పిన్ని జాకెట్టు చెయ్యి పైకి లాగింది. చేయి చాచి రెండు ముళ్లూ పక్కపక్కన పెట్టి చూపించింది. పెద్దాయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"దారం ముడి చూసి నా ఏజెంట్‌ని వదులుకోమంటారా?"

"ముడి ఒక్కటే కాదు సర్. చచ్చిపోయిన ఆ అబ్బాయికి ఆల్బమ్‌ల పేర్లూ, స్లోగన్లూ గుట్టుగా నేర్పింది నేనే. కొత్తవాడు తడబడతాడేమోనని ఆమెకి ఫోన్ చేశాను. మా దూరపు చుట్టం వస్తున్నాడు, కొంచెం చూసుకోమ్మా అని." పిన్ని కళ్లజోడు తీసేసింది. "నేనే అప్పజెప్పాను సర్. చేతులారా."

కొత్తవాణ్ని పాతవాళ్లకు అప్పగించడం ఫ్యాన్స్‌లో మర్యాద. ఇరవై రెండేళ్లు కోడ్‌రూమ్‌లో నోరు మెదపని మనిషి, ఆ ఒక్క మర్యాద దగ్గర నోరు జారింది.

పెద్దాయన ఫోటో ఇంకోసారి చూశాడు. చివరికి అన్నాడు: "సరుకు చేతులు మారకముందే, ఆమెని దాంతో సహా పట్టుకోండి. అప్పుడు నమ్ముతాను. ఆమె స్టేడియంలో ఉన్నప్పుడు నాలుగింటికి ఆమె ఫ్లాట్ కూడా సోదా చేయిస్తాను. మీ తృప్తి కోసం."

అలా డిపార్ట్‌మెంట్ చరిత్రలో మొదటిసారి ఒక ఏజెంటు మారువేషం లేకుండా డ్యూటీకి వెళ్లింది. ఏడు రంగుల దుపట్టా, సుడిగాలి సంతకమున్న సంచీ, చేతిలో కచేరీల్లో ఫ్యాన్స్ ఊపే లైట్ స్టిక్. అన్నీ సొంతవే. టెక్నికల్ సెక్షన్ వాళ్లు ఆ లైట్ స్టిక్‌లో మైకు, ఆమె చెవిపోగులో స్పీకరు అమర్చారు. అంతే తేడా.

మూడున్నరకి స్టేడియం గేటు దగ్గర వెండిపిట్ట ఎదురొచ్చి వాటేసుకుంది.

"అక్కా! ఎన్నాళ్లకు చూశానే నిన్ను! చిక్కిపోయావు."

పిన్ని ఆ భుజం మీద తల ఆనించింది. అదే సెంటు, అదే వెచ్చదనం. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మొన్న మా చుట్టం కనిపించాడా?"

"కనిపించాడక్కా. నెమ్మదైనవాడు, పాపం. తొందరగా వెళ్లిపోయాడు."

కనురెప్ప కూడా కదలలేదు. ఇద్దరూ ఐదో బ్లాకు పన్నెండో వరుసలో కూర్చున్నారు. స్టేజీ మీద అవార్డులు ఒక్కొక్కటే ఇస్తున్నారు. సుడిగాలి పోటీపడుతున్న అవార్డు ఆఖరిది, జనం ఓట్లతో తేలేది. ఓటింగ్ ఆరింటికి ముగుస్తుంది. నలభై వేలమంది ఒళ్లో ఫోన్లు పెట్టుకుని నొక్కుతూనే ఉన్నారు.

నాలుగూ పదికి చెవిలో పెద్దాయన గొంతు వినిపించింది. ఆ గొంతులో మొదటిసారి తడబాటు ఉంది.

"ఫ్లాట్‌లో లోపలి గది తాళం పగలగొట్టాం. ట్రాన్స్‌మిటర్ ఉంది. రెండు వందల ఫోన్లు వరసగా పనిచేస్తున్నాయి. కరెంటు తీసేశాం. మీరే కరెక్టమ్మా. మావాళ్లు బయల్దేరారు. ఆమెని కదలనివ్వకండి."

కదలనివ్వకుండా ఎలా ఆపుతుంది, తాళ్లతో కడుతుందా? ఐదు గంటలకు స్టేజీ మీద లైట్లు ఆర్పారు. వెండిపిట్ట లేచింది.

"ఇప్పుడే వస్తానక్కా. నా సంచీ చూస్తుండు."

సంచీ వదిలేసి వెళ్తూ లైట్ స్టిక్ మాత్రం తీసుకెళ్తోంది. పిన్ని తన లైట్ స్టిక్ నోటి దగ్గర పెట్టుకుంది. "సర్, మెట్లెక్కుతోంది. లైట్ స్టిక్‌లో ఉంది సరుకు."

"మావాళ్లు గేటు దగ్గర ఇరుక్కుపోయారు. జనం. ఐదు నిమిషాలు ఆపండి!"

పద్నాలుగో వరుస. పదహారు. వెండి బూట్లు తొందరపడకుండా పైకి పోతున్నాయి. పిన్ని మోకాళ్ల నొప్పి మర్చిపోయి వెనకాల ఎక్కింది. ఇరవయ్యారో వరుసలో, టై మీద సుడిగాలి టీషర్టు తొడుక్కున్న పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. వాచీ చూసుకున్నాడు. పద్దెనిమిది. ఇరవై.

అప్పుడు చీకట్లో పియానో మీద నాలుగు స్వరాలు వినిపించాయి.

నలభై వేలమందికి ఒక్కసారిగా ఊపిరి ఆగింది. మొదటి ఆల్బమ్‌లో చివరి పాట అది. చచ్చిపోయిన తమ్ముడి కోసం రాసుకున్న పాటని సుడిగాలి పదకొండేళ్లలో ఏ స్టేజీ మీదా పాడలేదు. ప్రతి కన్వెన్షన్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, ఆమె తల దించుకుని వెళ్లిపోతుంది. ఇప్పుడు పాడుతోంది.

వెండిపిట్ట ఇరవై రెండో వరుస దగ్గర నిలబడిపోయింది.

"ఏమైంది? ఎక్కడుంది?" చెవిలో పెద్దాయన అరుస్తున్నాడు.

"ఆగింది సర్."

"ఎందుకు? మనల్ని చూసిందా?"

"లేదు. పాట పూర్తయ్యేదాకా కదలదు."

పిన్ని ఆ మాట ప్రాణం పణంగా పెట్టి చెప్పగలదు, ఎందుకంటే తన కాళ్లు కూడా ఆగిపోవాలని చూస్తున్నాయి. ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు. పదకొండేళ్లుగా ఎదురుచూసింది అక్కడే, వీపు వెనకే జరుగుతోంది. తిరగలేదు. ఏడ్చుకుంటూ మెట్లెక్కి, తన లైట్ స్టిక్ సంచీలో పడేసి, లైట్ స్టిక్ ఉన్న వెండిపిట్ట మణికట్టు పట్టుకుంది.

వెండిపిట్ట ఉలిక్కిపడలేదు. ముఖమంతా కన్నీళ్లు. పెదాలు పాటతోపాటు కదులుతున్నాయి. పక్కకు చూసి, పిన్ని కళ్లలో ఉన్నదంతా చదివేసింది.

"పాట అయ్యాక, అక్కా. దండం పెడతాను. పాట అయ్యాక."

పైనుంచి పెద్దమనిషి గబగబా దిగుతున్నాడు. నాలుగు మెట్లు. మూడు. కుడిచేయి ముందుకు చాచాడు. పిన్ని రెండో చేత్తో లైట్ స్టిక్ అడుగుభాగం పట్టుకుని ఎడమకు తిప్పింది. బ్యాటరీలు మార్చి మార్చి అలవాటైన వేళ్లు అవి. మూత ఊడింది. మూడు బ్యాటరీలు మెట్ల మీద దొర్లాయి, వాటితోపాటు గోరంత మెమరీ కార్డు. పిన్ని చెప్పుకాలు దానిమీద వేసింది. ఆ క్షణంలోనే పెద్దమనిషి లైట్ స్టిక్‌ని లాక్కుని జేబులో కుక్కుకున్నాడు.

అతన్ని ఎవరూ ఆపలేదు. రాయబారి హోదాతో, పూర్తి రక్షణతో, ఖాళీ ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని హుందాగా బయటికి నడిచాడు.

పాట అయిపోయాక వెండిపిట్ట కళ్లు తుడుచుకుని రెండు చేతులూ తనే ముందుకు చాపింది.

ఆరో రోజుకి ఏడుగురూ సరిహద్దు దాటి వచ్చేశారు. ఏడో రోజు పిన్ని కొరియర్ ఇంటికి వెళ్లింది. ఏం చెప్పాలో తోచక గుమ్మంలోనే నిలబడింది. అతని భార్య లోపలికి రమ్మనలేదు. అలాగే తిరిగొచ్చి, సాయంత్రం ఇంటరాగేషన్ గదిలో వెండిపిట్ట ఎదురుగా కూర్చుంది. పది మంది ఆఫీసర్లు అడిగినా నోరు విప్పని మనిషి, అక్కతో అయితే మాట్లాడతానంది.

"నేనెక్కడ పనిచేస్తానో తెలిసే నాతో స్నేహం చేశావా?"

"మొదటి రెండు నెలలు డ్యూటీ. ఆ తర్వాత డ్యూటీ కాదు." వెండిపిట్ట బల్ల వైపు చూస్తూ చెప్పింది. "ఆస్పత్రిలో కూర్చోమని నాకెవరూ ఆర్డర్ వెయ్యలేదక్కా."

"మరి ఆ అబ్బాయి?"

"అతను సీటు నంబరున్న నా కంకణం లాగాడు. ఇంకో దారి లేకపోయింది."

వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. పిన్ని పిడికిళ్లు బిగించింది. కొట్టాలనిపించింది, లేచిపోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. కాగితం ముందుకు లాక్కుంది.

"ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?"

"అవార్డు ఎవరికొచ్చింది? ఇక్కడెవరూ చెప్పట్లేదు."

"సుడిగాలికి రాలేదు. మూడు వందల ఓట్ల తేడాలో పోయింది."

వెండిపిట్ట ముఖం పాలిపోయింది. "నా ఫోన్లు? ఆరింటిదాకా ఓట్లు వెయ్యాలి కదా అవి?"

"నాలుగూ పదికి కరెంటు తీసేశారు."

అప్పుడు ఏడ్చింది. స్టేడియంలో ఏడ్చినట్టు కాదు, వెక్కి వెక్కి, బల్ల మీద తల పెట్టుకుని. "నాదే తప్పు. సగం ఫోన్లు ఇంకో చోట పెట్టాల్సింది. అన్నీ ఒక్క ఫ్లాట్‌లో పెట్టాను. నావల్లే ఓడిపోయింది. నన్ను నేను క్షమించుకోలేనక్కా."

పిన్ని బయటికి వచ్చి నడవాలోని బల్ల దగ్గర రిపోర్టు నింపింది. 'ముద్దాయి తన తప్పు తెలుసుకుని విలపించినది' అని రాసి సంతకం చేసింది. ఏ తప్పో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.